పట్టముల పునర్నిర్మాణము: శ్రీ సిటీ నేర్పు పాఠము

విశ్వవిద్యాలయములు తమ పట్టముల స్వరూపమును మార్చుకొనుట పండితుల సభలలో తీరిపోవు వ్యవహారమని మన పాఠకులలో ననేకులు భావింతురు. మూడేండ్ల చదువు నాలుగేండ్లగుటయు, మూడు శాస్త్రములను సమానముగ చదువు విద్యార్థి యొక శాస్త్రమునే ప్రధానముగ గైకొనుటయు, నిన్న తెలుగున జెప్పిన పాఠము నేడు ఆంగ్లమున జెప్పబడుటయు, దూరమునుండి చూచువారికి చిన్న సవరణలుగ దోచును. కాని వంశమున మొదటిసారి కళాశాల గడప ద్రొక్కిన బిడ్డకును, ఆ బిడ్డ చదువునకై యప్పు చేసిన తండ్రికిని అవి చిన్నవి కావు. ఆ యింటికి పట్టమొక్కటే పెట్టుబడి. అది చెడినచో రెండవది లేదు. కావుననే యీ విషయమును పండితులకు మాత్రమే విడిచిపెట్టుటకు మేము సమ్మతింపజాలకున్నాము.

ఈ ప్రశ్నను పరిశీలించుటకు తిరుపతి జిల్లాలోని శ్రీ సిటీ మిక్కిలి తగిన తావు. చెన్నపట్టణమునకు ఉత్తరముగ సుమారు 55 కిలోమీటర్ల దూరమున, సత్యవేడు, వరదయ్యపాళెము మండలముల భూములపై 2008లో పునాది పడిన పారిశ్రామిక నగరమిది. మెట్రో రైలుపెట్టెలు, మోటారు బండ్లు, గదులను చల్లబరచు యంత్రములు, చాకొలెట్లు మున్నగునవి యిచట తయారై దేశము నలుమూలలకును బోవుచున్నవి. ఆల్‌స్తోమ్, ఇసుజు, డైకిన్, మాండెలెజ్ వంటి విదేశీయ సంస్థల పేరులు మన పల్లెలవారి నోట నేడు పొరుగూళ్ల పేరులవలె వినవచ్చుచున్నవి. ఆ కర్మాగారముల నడుమనే రెండు విద్యాసంస్థలు వెలసినవి. ఒకటి 2013లో ప్రారంభమైన భారతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ. రెండవది 2018లో నెలకొని, 2019లో తొలి పట్టవిద్యార్థులను జేర్చుకొనిన క్రియా విశ్వవిద్యాలయము. ఒక ప్రక్క కర్మాగారపు కూత, మఱియొక ప్రక్క కళాశాల గంట. చదువునకును జీవనోపాధికిని గల సంబంధమును గూర్చి మన దేశమున జరుగుచున్న వాదమంతయు నిచట నొక్క రెండు మైళ్లలో కంటికి గనబడును.

ఈ నేలకు విద్యావిషయమున మఱియొక సంబంధము గలదు. చిత్తూరునొద్ద కట్టమంచిలో బుట్టిన రామలింగారెడ్డిగారు 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు తొలి యుపాధ్యక్షులైరి. 1930లో దొరతనమువారి దమననీతికి నిరసనగ నా పదవిని త్యజించిరి. వారి తరువాత 1931లో నా పీఠము నధిష్ఠించిన సర్వేపల్లి రాధాకృష్ణపండితులు తిరుత్తణిలో జన్మించి, తిరుపతిలో చదువుకొనినవారు. తిరుత్తణి యప్పటి చిత్తూరు జిల్లాలోనిదే. 1960 ఏప్రిల్ 1వ తేదీన పటాస్కరుగారి తీర్పు ననుసరించి తిరుత్తణి మదరాసు రాష్ట్రమునకు బోగా, ఆ మార్పిడిలోనే సత్యవేడు ప్రాంతము మనకు వచ్చినది. రాధాకృష్ణ పండితుల యూరికి బదులుగ వచ్చిన నేలపై నేడొక విశ్వవిద్యాలయము నిలిచియుండుట కాలము చేసిన చమత్కారము.

పునర్నిర్మాణము క్రొత్త మాట కాదు

పట్టముల మరమ్మతు నిన్న మొన్నటిది కాదు. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము స్థాపితమైనపుడు అది బోధించు సంస్థ కాదు. పరీక్షలు నడిపి పట్టములు పంచు సంస్థ. ఆ చదువు గుమాస్తాలను మాత్రమే తయారుచేయుచున్నదని మన పెద్దలు మొఱవెట్టిరి. మొఱతో నాగక, 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారలు బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించి, సాహిత్య శాస్త్రముల సరసనే మగ్గమును, వడ్రంగమును, చిత్రలేఖనమును నిలిపిరి. బుద్ధికి బని, చేతికి బని యొక్క చోటనే నేర్పవలెనన్నది వారి సంకల్పము. నేడు బహుశాస్త్ర విద్యయని, నైపుణ్య విద్యయని పెద్ద పేరులతో వచ్చుచున్న దానిలో సారాంశ మంతకంటె భిన్నము కాదు.

స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి యేడే, 1948లో, కేంద్ర ప్రభుత్వము రాధాకృష్ణపండితుల యధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యాసంఘమును నియమించెను. 1949లో నా సంఘము, పండ్రెండేండ్ల ప్రాథమిక మాధ్యమిక విద్య పిదప మూడేండ్ల పట్టము ఉండవలెననియు, ఏ శాస్త్రము చదువు విద్యార్థికైనను సామాన్య విద్య కొంత యుండి తీరవలెననియు చెప్పెను. మూడేండ్ల పట్టము క్రమముగ దేశమంతట స్థిరపడినది. సామాన్య విద్య మాత్రము పాఠ్యప్రణాళికలలో నొక మూలను బడి, పరీక్షకు ముందు నాలుగు దినములు చదివి మఱచు వస్తువుగ మిగిలినది. నూతన విధానములు ప్రకటించువారందఱు ఈ భేదమును గమనింతురుగాక. నిర్మాణమును మార్చుట తేలిక. అందలి ప్రాణమును నిలుపుట కష్టము.

తొందరపాటునకు దండన యెట్లుండునో ఢిల్లీ విశ్వవిద్యాలయము చూపినది. 2013లో నాలుగేండ్ల పట్టమును హఠాత్తుగ బ్రవేశపెట్టి, 2014 జూను నెలలో, ఏడాది తిరుగుసరికే, దానిని రద్దుచేసిరి. ఆ యొక్క యేడు చేరిన విద్యార్థులు నాలుగేండ్ల చదువునకు జేరి మూడేండ్ల చదువులోనికి ద్రోయబడిరి. ఆ ప్రయోగమునకు మూల్యము చెల్లించినవారు దానిని రూపొందించినవారు కారు. తిరిగి 2022లో నక్కడనే నాలుగేండ్ల పద్ధతి వచ్చినది. ఈ మాఱు 2020 జూలైలో కేంద్ర మంత్రివర్గ మామోదించిన జాతీయ విద్యావిధానము దానికి వెన్నుదన్ను.

ఆ విధానము ననుసరించి 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు ప్రకటించిన చట్రము ప్రకారము, మూడేండ్ల పట్టమునకు 120 క్రెడిట్లు, నాలుగేండ్ల ఆనర్సు పట్టమునకు 160 క్రెడిట్లు కావలెను. మొదటి యేడు ముగించి వెడలువారికి ధ్రువపత్రము, రెండవ యేడు ముగించి వెడలువారికి డిప్లొమా ఇయ్యబడును. తొలి యాఱు షణ్మాసములలో నూటికి 75 మార్కులు సంపాదించినవారు నాలుగవ యేట పరిశోధనతో గూడిన యానర్సు పట్టమునకు అర్హులు. చట్రమును చూచిన నందముగనే యున్నది. అది మన పల్లె కళాశాలల గడపలో బట్టునా యనునదే ప్రశ్న.

మూడేండ్లలో మూడు మార్పులు

మన రాష్ట్రమున గడచిన కాలమును జ్ఞప్తికి దెచ్చుకొందము. 2020-21 విద్యాసంవత్సరమునుండి రాష్ట్ర ఉన్నత విద్యామండలివారు పాఠ్యప్రణాళికను సవరించి, రెండు వేసవులు, ఒక పూర్తి షణ్మాసము, వెరసి పదినెలల యభ్యాసము విద్యార్థులు చేసి తీరవలెనని విధించిరి. 2021-22 నుండి డిగ్రీ కళాశాలలలో ఆంగ్లమే బోధనాభాష యని ప్రకటించిరి. 2023-24 నుండి మూడు విషయముల పూర్వపద్ధతిని దీసివేసి, ఒకే ప్రధాన విషయము, దానికి తోడుగ నొక ఉపవిషయము గల పద్ధతిని దెచ్చిరి. దానిని మరల విమర్శింపవలెనను మాట వెనువెంటనే బయలుదేరినది. ఒకే కళాశాలలో అన్న యొక పద్ధతి, చెల్లెలు వేఱొక పద్ధతి చదివిన యిండ్లు మన రాయలసీమలో గలవు. అన్న పుస్తకము చెల్లెలికి బనికి రాలేదు.

మార్పు తప్పని మేమనుట లేదు. పాతపద్ధతి బంగారమనుటయు మా యుద్దేశము కాదు. గణిత భౌతిక రసాయన శాస్త్రములను కలిపి బట్టీపట్టి, దేనియందును లోతు నెఱుగక పట్టము బుచ్చుకొనినవారు వేలకొలది గలరు. ఒక్క విషయమును లోతుగ చదువవలెనను వాదమున సత్యమున్నది. కాని దాని రెండవ ప్రక్కను గూడ జూడవలదా? గ్రామ పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రములు రెండును బోధించు నుపాధ్యాయుడొక్కడే. భౌతికశాస్త్రమొక్కటే ప్రధానముగ చదివినవాడు రేపు రసాయనము నెట్లు బోధించును? మన పట్టభద్రులలో నుపాధ్యాయ వృత్తిని గోరువారు తక్కువ కారు. వారి ముందు దారి యిఱుకగునేమో యని యోచింపకయే మార్పు జేయుట, వంతెన కట్టకమునుపే రేవును మూసివేయుట వంటిది.

ఎన్నుకొను స్వేచ్ఛను గూర్చియు నొక మాట చెప్పవలసియున్నది. చట్రమున స్వేచ్ఛ పుష్కలముగ గలదు. చరిత్ర ప్రధానముగ, గణకయంత్ర శాస్త్ర ముపవిషయముగ గైకొనవచ్చును. జీవశాస్త్రముతో సంగీతమును జదువవచ్చును. కాని ముగ్గురు నలుగురు ఉపన్యాసకులతో నడచు కళాశాలలో ఆ స్వేచ్ఛ కాగితముమీదనే యుండును. ఖాళీలు నింపబడక, ఒప్పందపు ఉపన్యాసకులతోను, అతిథి ఉపన్యాసకులతోను కాలము వెళ్లబుచ్చుచున్న కళాశాలలు మన సీమలో నెన్ని లేవు? విస్తరిలో నన్నము లేక వడ్డన పట్టిక దీర్ఘముగ నుండిన ఆకలి తీరునా? ఉపన్యాసకుడు లేని చోట విద్యార్థి యెన్నుకొనునది విషయమును గాదు. ఉన్న ఒక్క యుపన్యాసకుని మాత్రమే.

శ్రీ సిటీలోని రెండు నమూనాలు

ఇప్పుడు శ్రీ సిటీ వంక చూతము. సమాచార సాంకేతిక విద్యాసంస్థ కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములును పరిశ్రమలును కలిసి వ్యయము భరించు పద్ధతిన నెలకొల్పబడినది. ఆ పద్ధతిలో కేంద్రము నూటికి 50 పాళ్లు, రాష్ట్రము 35, పరిశ్రమలు 15 భరించుట యేర్పాటు. 2017లో పార్లమెంటు చేసిన శాసనమువలన ఈ తరగతి సంస్థలకు తమ పట్టములు తామే యిచ్చు నధికారము గలిగెను. క్రియా విశ్వవిద్యాలయము రాష్ట్ర శాసనము క్రింద నేర్పడిన ప్రయివేటు సంస్థ. 1970లో చెన్నపట్టణమున స్థాపితమైన ఆర్థిక నిర్వహణ పరిశోధనాసంస్థ దానిలో వాణిజ్య విద్యాశాఖగ జేరినది. కళలను శాస్త్రములను వేఱువేఱు గదులలో బంధింపక, ఒకదానితో నొకటి నల్లి బోధింతుమని యీ విశ్వవిద్యాలయము ప్రకటించుకొనినది. విద్యార్థులు మొదట అందఱికి నుమ్మడియగు పాఠములను, రచనా వాక్సామర్థ్యములను అభ్యసించి, పిమ్మట ప్రధాన విషయమును ఎన్నుకొందురు.

ఇది చూచి కొందఱు, అదే మన విశ్వవిద్యాలయములన్నిటికి నమూనా యనుచున్నారు. మఱికొందఱు, అది ధనవంతుల బిడ్డల చదువు, మనకేల యనుచున్నారు. ఈ రెండు తీర్పులును తొందరపాటు తీర్పులే యని మా తలంపు. అచట నేర్చుకొనదగినది వేఱొకటి గలదు. అట్టి సంస్థలో పాఠము చెప్పు ఆచార్యుడే పాఠ్యప్రణాళికను రచించును, తానే పరీక్షించును, పొరపాటు గనబడినచో మరుసటి యేడు తానే దిద్దును. బోధించువాడును నిర్ణయించువాడును ఒక్కడే యగుటచేత పునర్విమర్శ యనునది యేటేట సహజముగ జరుగు పని. మన యనుబంధ కళాశాలలలోనో, నిర్ణయము రాజధానిలో జరుగును, ఉత్తరువు తిరుపతికి వచ్చును, పాఠము పల్లెలో జెప్పవలెను. 1954లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు టనుబంధ కళాశాలలో నేండ్లతరబడి బోధించిన ఉపన్యాసకునికి, తన విద్యార్థులకేమి యర్థము కాకున్నదో రాజధానిలోని వారికంటె నెక్కువ తెలియును. అతని మాట పాఠ్యప్రణాళికలోనికి జేరుటకు మార్గమేది? ఉత్తరువు మేడమీదనుండి దిగును. అనుభవము మెట్లెక్కి పైకి బోజాలదు. ఇదియే మన పునర్నిర్మాణముల మూలవ్యాధి.

కావున శ్రీ సిటీనుండి మనము నేర్వవలసినది అచటి పాఠముల పట్టికను గాదు, అచటి యుపాధ్యాయ స్వాతంత్ర్యమును. భవనములకు ధనము కావలెను. ఉపాధ్యాయుని నమ్ముటకు ధనము వలదు.

నడుమ ద్వారములు ఎవరికొఱకు?

ఏడాదికొక ధ్రువపత్రము, రెండేండ్లకొక డిప్లొమా యను నేర్పాటును గూర్చి మాకు గంభీరమైన సందేహము గలదు. చదువు నడుమ నిలిచిపోయిన బిడ్డ చేతికి పూర్వమేమియు వచ్చెడిది కాదు. ఇప్పుడొక పత్రము వచ్చును, సంపాదించిన క్రెడిట్లు భద్రముగ నుండును, తిరిగి వచ్చి చదువు కొనసాగింపవచ్చును. ఇందలి మంచిని మేము కాదనము. వివాహముచేతనో, తండ్రి మరణముచేతనో చదువు మానిన యాడుబిడ్డకు తిరిగివచ్చు దారి యుండుట గొప్ప మేలు.

కాని యీ ద్వారములగుండ బయటికి బోవువారెవ్వరు? కలవారి బిడ్డలు నాలుగేండ్లును చదివి, పరిశోధనా పట్టముతో విదేశములకు బోదురు. లేనివారి బిడ్డలు మొదటి ద్వారముననో, రెండవ ద్వారముననో వెడలుదురు. వెడలి యెచటికి బోదురు? తడ రహదారినుండి కర్మాగారపు బస్సు నెక్కి శ్రీ సిటీ గుమ్మమున నిలుతురు. ఆ గుమ్మమునొద్ద యంత్రపు బనికి అడుగునది ఐ.టి.ఐ. పత్రమో, పాలిటెక్నిక్ డిప్లొమాయో. ఏడాది చరిత్ర చదివిన ధ్రువపత్రమునకు అచట విలువ కట్టువారెవ్వరు? విలువ లేని పత్రమును చేతబెట్టి పంపుట, ద్వారము తెఱచుట కాదు. బయటికి ద్రోయుటకు మర్యాదగల పేరు పెట్టుట. ప్రభుత్వమువారు ఆ పత్రములకు కొలువులలో స్థానము కల్పించి, పరిశ్రమలచే నంగీకరింపజేసిననే యీ యేర్పాటునకు న్యాయము చేకూరును. ఎన్నవ యేట ఎందఱు వెడలిరో, వారేమైరో యేటేట లెక్క ప్రకటించుట విశ్వవిద్యాలయముల విధి.

అభ్యాసపు పదినెలల మాటయు నిట్టిదే. పని నేర్చుట మంచిది. బందరు జాతీయ కళాశాలను గౌరవించు మేము పనిని నిందింపజాలము. కాని పదినెలల పని మదనపల్లెలో, పుంగనూరులో, పలమనేరులో నెచట దొరకును? పని దొరకని విద్యార్థి ముద్రవేసిన కాగితమునకై తిరుగును. కాగితము దొరకును, పని రాదు. జిల్లాలో నిన్ని కర్మాగారములుండగా, వాటికిని చుట్టుపట్ల డిగ్రీ కళాశాలలకును స్థిరమైన యొడంబడిక లేల యుండరాదు? భూములను, రాయితీలను బొందిన పరిశ్రమలు, ఆ భూముల చుట్టునున్న పల్లెల బిడ్డలకు వేతనముతో గూడిన యభ్యాసము నిచ్చుట దానము కాదు, ఋణము దీర్చుట.

భాషను గూర్చి

భాషావిషయము చెప్పక యీ చర్చను ముగించుట మాకు సాధ్యము కాదు. ఆధునిక శాస్త్రములను దేశభాషలో విశ్వవిద్యాలయ స్థాయిని బోధింపవచ్చునని 1918లో హైదరాబాదున స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూభాషయందు నిరూపించెను. తెలుగున నుత్తమ పాఠ్యగ్రంథములు వెలువరించుటకు 1968లో తెలుగు అకాడమీ యేర్పడెను. ఇంత పరిశ్రమ చేసి సంపాదించిన శాస్త్రపరిభాషను 2021లో నొక్క నిర్ణయముతో ప్రక్కకు నెట్టిరి.

ఆంగ్లము వలదని మేమనము. శ్రీ సిటీ గుమ్మమున ఆంగ్లము లేనివానికి పై మెట్టు దొరకదని యెఱుగుదుము. కాని ఆంగ్లమును బాగుగ నేర్పుట వేఱు, ఆంగ్లమున నేర్పుట వేఱు. మొదటిది పాఠశాలలో జేయవలసిన పని. అది చేయక రెండవదానిని కళాశాలలో విధించిన, పండ్రెండేండ్లు తెలుగున చదివిన బిడ్డ మూడేండ్లు మౌనముగ గూర్చుండును. సత్యవేడు సీమలో తెలుగును తమిళమును కలిసి మాటాడు బిడ్డలు గలరు. రెండు భాషలు పుట్టుకతో వచ్చినవారికి మూడవది రాకపోవునా? వచ్చును, నేర్పువాడుండిన. కావలసినది రెండు భాషలలో పుస్తకములు, తనకు వచ్చిన భాషలో పరీక్ష వ్రాయు స్వాతంత్ర్యము, ఆంగ్లమునకు ప్రత్యేకమైన బోధన. ఈ మూడును ఇచ్చినచో భాష గోడగ నుండక నిచ్చెన యగును.

మేము కోరునది

కోటివిద్యలును కూటికొఱకే యని లోకులందురు. కూడు పెట్టని చదువు చదువే కాదను వారి బాధ నిజమైనది. దానిని గేలిచేయు హక్కు కడుపు నిండినవారికి లేదు. కాని నేటి యంత్రము రేపు మూలబడును. ఒక యంత్రమునకై తయారుచేయబడిన మనుష్యుడు దానితోపాటు మూలబడవలసినదేనా? ఆలోచించుట, స్పష్టముగ వ్రాయుట, లెక్క సరిచూచుట, తెలియనిదానిని తానుగ నేర్చుకొనుట యనునవి యే యంత్రముతోను పాతబడనివి. వీటిని కలవారి బిడ్డలకు సుందరమైన ప్రాంగణములలో నేర్పుచు, లేనివారి బిడ్డలకు మాత్రము పనితనపు పాఠములు చాలుననుట స్వతంత్రదేశమునకు తగని న్యాయము. ఆ భేదము శ్రీ సిటీ ప్రహరీగోడ కిరుప్రక్కల కానవచ్చుచున్నది. దానిని తుడిచివేయుటయే నిజమైన పునర్నిర్మాణము.

కావున ప్రభుత్వమువారిని, విద్యామండలివారిని, విశ్వవిద్యాలయములను మేము కోరునది స్వల్పము. ఏ పద్ధతిన జేరిన విద్యార్థిని ఆ పద్ధతిననే పట్టము ముగింపనీయుడు. ఒక పద్ధతిన జేరిన తొలి జట్టు చదువు ముగించి, దాని ఫలితము బహిరంగముగ విమర్శింపబడువఱకు రెండవ మార్పు చేయకుడు. ఒక విషయమే యనక, సమానమైన రెండు విషయములు కోరువారికి దారి నిండు. మార్పును బ్రకటించుటకు ముందు ఖాళీలను నింపుడు. పాఠ్యప్రణాళికా సంఘములలో పల్లె కళాశాలల యుపన్యాసకులకు సగము స్థానము లిండు. శ్రీ సిటీలోని రెండు విద్యాసంస్థలు తమ గ్రంథాలయములను, వేసవి తరగతులను చుట్టుపట్ల కళాశాలల యుపన్యాసకులకు తెఱచినచో, గొప్ప వ్యయము లేకయే గొప్ప మేలు జరుగును.

వెనుకటి తరమువారు విశ్వవిద్యాలయమును గోరినపుడు భవనమును గోరలేదు. తమ బిడ్డ యెవరి ముందును దలవంపక నిలువగల చదువును గోరిరి. సత్యవేడునుండి తెల్లవాఱుజామున బస్సెక్కు బాలిక నేడును గోరునది యదియే. ఆమె యేడాదికొక క్రొత్త చట్రమును గోరలేదు. తరగతిలో నుపాధ్యాయుడుండుటను, తనకు దెలియు మాటలో పాఠము వినుటను, చేరిననాడు చెప్పిన పట్టమును ముగిసిననాడు చేతికిచ్చుటను గోరుచున్నది. ఈ మాత్రము నిలుపుకొనలేని పునర్నిర్మాణము, ఎన్ని క్రెడిట్లుగ లెక్కించినను, నిర్మాణమనిపించుకొనదు.